పొట్లం మీది టమాటా

హస్త కార్తె వచ్చిందంటే మా అపార్టుమెంటు మేడ మీద వ్యవసాయ శాఖ తెరుచుకుంటుంది. మొత్తం కమతం పదకొండు కుండీలు, రెండు థర్మోకోల్ పెట్టెలు, చెవి ఊడిన బకెట్టు ఒకటి. చలికాలం కూరలన్నీ ఇందులోనే పండాలి. మట్టి ఉంది, పేడ ఎరువు ఉంది, ఉత్సాహానికి లోటే లేదు. దొరకనిదల్లా మంచి విత్తనం అమ్మే మనిషి.

అమ్మేవాళ్లకేం, కోకొల్లలు. ఫోనులో ఒక్కసారి టమాటా విత్తనాలని వెతికిన పాపానికి ఆ రాత్రి నుంచి ఆకాశనీలం గులాబీలు నా వెంట పడ్డాయి. వాటిని తప్పించుకుని పోయినేడు బజార్లో విత్తనాల కొట్టుకే వెళ్లాను. పొట్లం మీద టమాటా ఎంత నిగనిగలాడుతోందంటే, పొట్లాన్నే పచ్చడి నూరేద్దామంది మా ఆవిడ. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు. మొలక శాతం కనీసం 70. భౌతిక స్వచ్ఛత 98. పరీక్ష తేదీ, గడువు తేదీ. మందు పట్టించిన గింజలు, తినరాదు. ఇవన్నీ ఒక పచ్చ లేబుల్ మీద.

ఆ పచ్చ లేబుల్ పేరు ‘ట్రూత్‌ఫుల్ లేబుల్’. 1966 నాటి విత్తన చట్టం ప్రకారం లేబుల్ తప్పనిసరి, సర్టిఫికేషన్ మాత్రం ఇష్టముంటేనే. సర్కారు ధ్రువీకరణ సంస్థ చేను చూసి, గింజ చూసి వేసే నీలం ట్యాగు వేరే ఉంది. వరి బస్తాకి, వేరుశనగ బస్తాకి అది కనిపిస్తుంది. కూరగాయల పొట్లాల్లో చాలామటుకు పచ్చ బాపతే. అంటే, నేను నిజమే చెబుతున్నానని కంపెనీ తన గురించి తానే రాసుకుని అంటించుకుందన్నమాట. పెళ్లిచూపులకి వచ్చిన పిల్లాడు తన నడవడికకి తానే సర్టిఫికెట్ రాసి, తానే సంతకం పెట్టి జేబులో వేసుకొచ్చినట్టు.

ఇరవై గింజలు పెట్టాను. మొలిచినవి మూడు. అందులో ఒకటి గరిక.

కొట్టుకు వెళ్లి అడిగాను.

‘‘మట్టి ఏం మట్టి సార్?’’

‘‘ఎర్రమట్టి.’’

‘‘అదీ సంగతి!’’

‘‘నల్లమట్టి వేసుంటే?’’

‘‘అమ్మో, దాంట్లో అసలే రాదు సార్. నీళ్లు బోరువా, మంజీరా కుళాయివా?’’

మంజీరా అన్నాను. క్లోరిన్ అన్నాడు. బోరు అనుంటే ఉప్పు అనేవాడు. చివరికి నా చెయ్యి చూసి, కొందరి చేతికి మొలవదు సార్ అని నిట్టూర్చాడు. నేనే తప్పు చేసినవాడిలా కాలీఫ్లవర్ పొట్లం కూడా కొనుక్కుని బయటపడ్డాను.

అది బ్రహ్మాండంగా మొలిచింది. ఏనుగు చెవులంత ఆకులు వేసింది. సంక్రాంతి దాటింది, పువ్వు జాడ లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కాలీఫ్లవర్లో ముందు కాలానివి, నడిమి కాలానివి, చివరి కాలానివి అని తెగలుంటాయట. అతగాడు అంటగట్టింది స్నోబాల్, చివరి తెగ. దానికి పువ్వు కట్టాలంటే 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కావాలి. మా మేడ మీద డిసెంబరు పగళ్లు 28 దాకా పోతాయి. పాపం, అది శ్రీనగర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఫిర్యాదు చేద్దామంటే ప్రయోగశాలలో మొలక పరీక్షకి లెక్క 400 గింజలు. నా పొట్లంలో ఉన్నవే యాభై. నావి కుండీలు కాబట్టి నవ్వుకున్నాను. ఎకరాలకెకరాలు వేసినవాళ్లు నవ్వుకోలేక కోర్టుకెక్కారు. ఆంధ్రప్రదేశ్ రైతులకీ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కీ నడిచిన ఆ కేసులో 2012లో సుప్రీంకోర్టు వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు రైతుకుందని చెప్పింది. పరీక్షకని నమూనా గింజలు దాచి ఉంచాలని రైతు నుంచి ఆశించలేమనీ అంది. నిజమే మరి, పంట పోతుందని ముందే తెలిస్తే గింజలు దాచుకోవడమెందుకు, కొనడమే మానేస్తాడు.

1966 చట్టంలో మొదటి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా? మించితే 500 రూపాయలు. హైబ్రిడ్ క్యాప్సికం పొట్లం ఒకటి అమ్మితే కట్టేయొచ్చు. చట్టాన్ని మారుద్దామని 2004లో రాజ్యసభలో ఒక బిల్లు నాటారు, మొలవలేదు. 2019లో ముసాయిదా చల్లారు, రాలేదు. 2025లో మళ్లీ చల్లారు. మరి ఢిల్లీలో ఏం మట్టో!

ఇదంతా కాదని మా అత్తగారి ఊరెళ్లాను. ఆవిడ విత్తనం బీరకాయని చెట్టునే ఎండబెట్టి చూరుకి వేలాడదీస్తుంది. గింజలు ఊరికే ఇవ్వకూడదని నా చేత రూపాయి పెట్టించుకుని మరీ ఇచ్చింది. నూటికి నూరు మొలిచాయి. పందిరి నిండా కాయలు. పులుసు నోట్లో పెట్టుకుంటే వేపాకు కషాయం. వాళ్ల కంచె మీద చేదు బీర అల్లుకుని ఉంది, తేనెటీగ అటూ ఇటూ తిరిగి గింజలో చేదు కలిపేసింది. ఫోను చేసి చెప్పాను.

‘‘మా ఇంట్లో ఎప్పుడూ చేదు రాలేదు అల్లుడుగారూ,’’ అంది ఆవిడ. ‘‘మీ మట్టి ఏం మట్టండీ?’’

విసుగెత్తి, పోపులపెట్టెలోంచి గుప్పెడు మెంతులు తీసి ఖాళీ కుండీలో విసిరేశాను. ధనియాలు చెప్పు కింద నలిపి పక్క కుండీలో చల్లాను. మూడోనాటికి మెంతులు కుండీ కనపడకుండా లేచాయి. కొత్తిమీర పది రోజులు బెట్టు చేసి అదీ వచ్చింది. కిరాణా కొట్టు పొట్లం మీద మొలక శాతం లేదు, పరీక్ష తేదీ లేదు, ట్రూత్ అసలే లేదు. తినరాదన్నది మొలవలేదు, తినమన్నది మొలిచింది.

అందుకని ఈ హస్తకి తిన్నగా కిరాణా కొట్టుకే వెళ్లాను.

‘‘పావుకిలో మెంతులు, పావుకిలో ధనియాలు,’’ అన్నాను.

షావుకారు తక్కెడ పైకెత్తి ఆగాడు. ‘‘వండుకోడానికా సార్, నాటుకోడానికా?’’

‘‘నాటుకోడానికి.’’

తక్కెడ దించేశాడు.

‘‘అయితే రేటు వేరు సార్.’’