గొట్టం మీద పడ్డ నింద

నేను వించెస్టర్ 94 రకం రైఫిల్‌ని. నాకు రూపం ఇచ్చినవాడు యూటా రాష్ట్రం ఆగ్డెన్‌కు చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్. పుట్టిల్లు కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ కర్మాగారం. 1894లో మొదలైన మా వంశంలో డెబ్భై లక్షలకు పైగా తుపాకులు తయారయ్యాయి. ట్రిగర్ దగ్గరి లీవర్‌ని కిందికి దించి మళ్లీ పైకి లాగితే ఖాళీ తొడుగు ఎగిరి బయట పడుతుంది, గొట్టం కింద వరుసగా పడుకున్న తూటాల్లోంచి కొత్తది లోపలికి వస్తుంది. 30-30 అనే నా తూటా 1895లో వచ్చింది. అప్పటినుంచి పెన్సిల్వేనియాలో, మిషిగన్‌లో శీతకాలం జింకల వేటకు పోయేవాళ్ల చేతుల్లో మా వంశం తిరుగుతూనే ఉంది. ఇన్నేళ్లకు నా మీద ఒక నింద స్థిరపడింది: ముసలిదైపోయింది, గొట్టం అరిగిపోయింది, అందుకే గురి తప్పుతోంది అని. వయసు నిజమే. నింద మాత్రం ఎక్కువసార్లు తప్పు చోట పడుతోందన్నది నా వాదన. పాత లీవర్ రైఫిల్ గుండ్లు చెదురుతుంటే గొట్టం లోపల గుండును తిప్పే గాడులను అనుమానించడం చివరి మెట్టు. అంతకంటే ముందు చూడాల్సినవి గొట్టాన్ని పట్టుకుని ఉన్న చెక్క, బ్యాండ్లు, గురి చూసే సైట్లు, మరలు, ఆపైన గొట్టం మూతి అంచు.

గొట్టం అరగాలంటే ఏం జరగాలో చూడండి. తూటా పేలినప్పుడు పుట్టే వేడి వాయువు గాడులు మొదలయ్యే చోటును కొంచెం కొంచెంగా కాల్చి తింటుంది. వేడీ ఒత్తిడీ ఎంత ఎక్కువైతే అరుగుదల అంత వేగం. నా తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 42,000 పౌండ్లు. అదే జింకల వేటకు వాడే 270 వించెస్టర్ తూటాకు అది 65,000. నాది నెమ్మది మంట. ఇక ఎన్నిసార్లు పేలానన్నది రెండో లెక్క. వేటగాడు ఏడాదికి ఒక పెట్టె, అంటే 20 తూటాలు, తప్పకుండా ఖర్చు చేశాడనుకున్నా యాభై ఏళ్లకు అయ్యేవి వెయ్యి. అంతమాత్రానికి నా ఉక్కు గొట్టం పోదు. 'మరి లోపల నల్లగా గుంటలు పడ్డ పాత గొట్టాలు ఎన్ని లేవు?' అని అడగవచ్చు. ఉన్నాయి. ఆ గుంటలు పేల్చడం వల్ల వచ్చినవి కావు, తుప్పు తిన్నవి. పాతకాలపు తూటాల అడుగున ఉండే ప్రైమర్ మందులో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది కాలితే ఒక రకం ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీలుస్తుంది. దాన్ని నీళ్లు కరిగిస్తాయి గాని నూనె కరిగించదు. నూనె గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టినవాడు శుభ్రం చేశాననే అనుకున్నాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి, అలా గుంటలు పడ్డ గొట్టాల్లో కూడా మూతి బాగుంటే చక్కగా పేల్చేవి కొన్ని ఉంటాయి. కాబట్టి లోపలికి తొంగి చూసి తీర్పు చెప్పడం తొందరపాటు.

తీర్పుకు కావలసిన సాక్ష్యం కాగితం మీద ఉంటుంది. 100 గజాల దూరాన కాగితం పెట్టి, బల్ల మీద ఇసుక సంచిపై నా ముందు చెక్కను ఆనించి, అదే పెట్టెలోని తూటాలు ఐదు పేల్చాలి. మూడు చాలవు, మూడు రంధ్రాలు దగ్గరగా పడటం యాదృచ్ఛికం కావచ్చు, ఐదు పడితే కొంత నమ్మవచ్చు. ఆ రంధ్రాలు ఎంత దూరం చెదిరాయన్నదే కాదు, ఏ ఆకారంలో చెదిరాయన్నది చూడాలి. లోపం తన గుర్తును ఆకారంలోనే వదిలిపోతుంది.

నా వంటి తుపాకుల్లో తరచుగా కనిపించేది నిలువు గీత. మొదటి గుండు గురి దగ్గర పడుతుంది. తర్వాతివి ఒకదాని తర్వాత ఒకటి మెట్లెక్కినట్టు ఒకే వైపుకు జరుగుతాయి. దీనికి కారణం నా నిర్మాణంలోనే ఉంది. గొట్టం కింద తూటాల గొట్టం ఒకటి వేలాడుతుంది. ఆ రెంటినీ ఇనుప బ్యాండ్లు కలిపి కట్టేస్తాయి, మధ్యలో ముందు చెక్క ఇరుక్కుని ఉంటుంది. పేల్చేకొద్దీ పై గొట్టం వేడెక్కి సాగుతుంది, కిందిది చల్లగా ఉండిపోతుంది. 20 అంగుళాల ఉక్కు 60 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కితే అంగుళంలో వందో వంతుకు పైగా పెరుగుతుంది. కట్టేసిన చోట ఆ పెరుగుదలకు దారి లేదు, గొట్టం వంగాల్సిందే. దానికి తోడు పేలిన ప్రతిసారీ గొట్టం వీణ తీగలా కంపిస్తుంది. మీటిన తీగకు వేలు తగిలితే నాదం మారినట్టు, చెమ్మకు ఉబ్బిన చెక్క ఒత్తితే ఆ కంపనం మారుతుంది. ఈ అనుమానాన్ని తేల్చడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. గుండుకూ గుండుకూ మధ్య ఐదు పది నిమిషాలు ఆగి, గొట్టం చల్లారాక మళ్లీ ఐదు పేల్చి చూడండి. నిలువు గీత ముడుచుకుపోతే గాడుల తప్పేమీ లేదు, బిగువుదే తప్పు. అప్పుడు పేల్చే యంత్రాంగం ఉండే రిసీవర్‌ని చెక్క ఒత్తే చోట పలచని కాగితం దూరేంత సందు చేసి, బ్యాండ్ లోపల గొట్టాన్ని కొరికే చోటును నునుపు చేయిస్తే సరిపోతుంది.

రంధ్రాలు రెండు గుంపులుగా పడితే, లేదా మొన్నటి చోట ఇవాళ పడకపోతే, ఏదో కదులుతోందని అర్థం. నా రెండు సైట్ల మధ్య దూరం సుమారు 16 అంగుళాలు అనుకోండి. ముందు సైటు అంగుళంలో వందో వంతు జరిగితే 100 గజాల దగ్గర గుండు రెండు అంగుళాలకు పైగా పక్కకు పోతుంది. వందో వంతు కంటికి ఆనదు. అందుకే సైటు మీద, అది కూర్చున్న గాడి మీద కలిసేలా సన్నని పెన్సిల్ గీత ఒకటి గీయాలి. పది తూటాల తర్వాత ఆ గీత విరిగి రెండైతే దొంగ దొరికినట్టే. వెనక సైటును ఎత్తే మెట్ల రేకు, పిడి చెక్కను పట్టి ఉంచే మర కూడా ఈ కోవలోవే. ఇలాంటివి ఎవరి ఇంట్లోనైనా సరిచేయగల పనులు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మూతి. నాలో గొట్టం వెనక వైపు రిసీవర్ అడ్డంగా ఉంటుంది. బోల్టు ఊడదీయాలంటే చాలా భాగాలు విప్పాలి కాబట్టి తరాల తరబడి అందరూ ముందు నుంచే కడ్డీ దూర్చి శుభ్రం చేశారు. దుమ్ము అంటిన ఆ కడ్డీ ప్రతిసారీ ఒక వైపు అంచును రాసుకుంటూ పోయింది. గుండు గొట్టాన్ని వదిలే చివరి క్షణంలో దాని అడుగు చుట్టూ వాయువు సమంగా విడుదల కావాలి. ఒక వైపు గాడి అరిగి ఉంటే అక్కడ ముందుగా చిమ్మి గుండును తోసేస్తుంది. భూతద్దం కింద చూస్తే, గాడుల చివర్లు పదునుగా తెగినట్టు ఉండాల్సింది ఒక పక్క సబ్బు ముక్కలా గుండ్రంగా కనిపిస్తాయి. దూది చుట్టిన పుల్లను లోపలి నుంచి బయటికి లాగితే, చిట్లిన చోట దూదిపోగులు చిక్కుకుంటాయి. ఎంతో ప్రేమగా శుభ్రం చేసిన తుపాకులకే ఈ గాయం ఎక్కువగా కావడం నాకు కష్టంగా ఉంటుంది. అనుభవం ఉన్న గన్‌స్మిత్ అరిగినంత మేర లోపలికి కోసి కొత్త అంచు తీస్తే గుండ్లు మళ్లీ దగ్గరకు చేరతాయి. అంతకంటే ముందు రాగిని కరిగించే మందు గుడ్డకు పట్టించి గొట్టంలో తిప్పాలి. గుడ్డ నీలిపచ్చగా వస్తుంటే ఏళ్ల తరబడి గుండ్లు వదిలిన రాగి గాడుల్లో పేరుకుందన్నమాట. ఆ రంగు రాకుండా పోయేదాకా ఆ పని ఆపకూడదు. తూటా రకం కూడా మార్చి చూడాలి. 170 గ్రెయిన్ల బరువున్న గుండును ఇష్టపడే గొట్టం 150ని ఒప్పుకోకపోవచ్చు. అయితే ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

'ఇదంతా ఎందుకు, ఈ రకం తుపాకీ నిర్మాణమే అంత' అనే అభ్యంతరం బలమైనది. రెండు ముక్కల చెక్క, బ్యాండ్లు, దగ్గర దగ్గరగా సైట్లు ఉన్న నేను బోల్ట్ రైఫిల్‌తో సమానంగా పేల్చలేను, ఒప్పుకుంటాను. కానీ హద్దు వేరు, లోపం వేరు. బాగున్న 94 తనకు నచ్చిన తూటాతో 100 గజాల దగ్గర ఐదు గుండ్లను సుమారు మూడు అంగుళాల్లో వేస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు సుమారు ఎనిమిది అంగుళాలు. నాలాంటిదే మరొకటి మూడంగుళాల్లో వేస్తుంటే నేను పది అంగుళాలు చెదరగొట్టడాన్ని నిర్మాణం ఖాతాలో రాయడం కుదరదు. జంతువు గాయంతో పారిపోయి పొదల్లో బాధపడి చావడం ఆ తేడాలోనే ఉంది. ఇంకొందరు తప్పంతా పేల్చేవాడిదే అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని అతన్నే నిలదీస్తారు. అది కూడా తేల్చగలిగిందే. అతని చేతికి వేరే రైఫిల్ ఇవ్వండి, నన్ను వేరేవారి చేతికి ఇవ్వండి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. టెలిస్కోప్ బిగిస్తే సరిపోతుందనేవారికి ఒక మాట: నా పాత తరం తుపాకుల్లో ఖాళీ తొడుగు నేరుగా పైకి ఎగురుతుంది, పైన టెలిస్కోప్‌కు చోటు లేదు, తొడుగు పక్కకు పడే ఏర్పాటు 1982లో గాని రాలేదు. పైగా కదిలే మరను టెలిస్కోప్ బిగించదు.

వీటన్నిటి తర్వాత కూడా కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాక పక్కవాటంగా, గుండు అడ్డం తిరిగి దూరినట్టు కోలగా పడుతుంటే, అప్పుడు గాడులు గుండును పట్టి తిప్పడం లేదు. మెత్తని సీసపు గుండును గొట్టంలోంచి నెట్టి మైక్రోమీటర్‌తో కొలిపించండి. గాడుల అడుగు కొలత 0.308 అంగుళం దాటి బాగా పెరిగిందని తేలితే గొట్టం మీద తీర్పు రాయండి. దాన్ని నేను కాదనను.