బజ్జికి మందు వేసిన వైనం

కప్పని పట్టుకోవడం నాకొకరు నేర్పాలా అన్నది నా ధీమా. చిన్నప్పుడు వానలు మొహం చాటేసిన ఏడు, మా వీధి పిల్లలం కప్పని పట్టి, వేపమండలతో కలిపి రోకలికి కట్టి, కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిరిగాం. పట్టింది నేనే, కట్టింది నేనే. ఆ తర్వాత ఇంటర్ బైపీసీలో మైనం ట్రేలో కప్పని వెల్లకిలా పడుకోబెట్టి, గుండుసూదులు గుచ్చి, గుండె, కాలేయం, పేగులు వరసగా చూపించి లెక్చరర్ చేత శభాష్ అనిపించుకున్నాను. ఇన్ని అర్హతలున్నవాణ్ణి, టెక్సాస్‌లో మా ఇంట్లో గాజుపెట్టెలో కూచున్న ఒక్క కప్పకి మందు వెయ్యలేనా?

దాని పేరు బజ్జి. పెట్టింది మా అమ్మాయి. ఆస్ట్రేలియా జాతి చెట్టుకప్ప, ఇక్కడివాళ్ళు వైట్స్ ట్రీ ఫ్రాగ్ అంటారు. అరచెయ్యి నిండేంత ఆకుపచ్చ ముద్ద, కళ్ళ మీద కొవ్వు మడతలు, ఏ వేళ చూసినా భుక్తాయాసం. 1790లో జాన్ వైట్ అనే సర్జన్ దీని గురించి మొదట రాశాడు. సారాయిలో నిలవ ఉంచిన కప్ప నీలంగా మారిపోతే, పుట్టుకతోనే ఆ రంగనుకుని నీలం కప్ప అని పేరు పెట్టేశారు. ఈ కప్ప విషయంలో పప్పులో కాలేసినవాళ్ళు నాకన్నా ముందే ఉన్నారన్నమాట. అదొక్కటే నాకు ఊరట.

బజ్జి గాజుకేసి మూతి రాసుకుని పుండు చేసుకుంది. జంతువుల ఆస్పత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ మందు సంగతి మా అమ్మాయికి విడమరిచి చెబుతున్నంతసేపూ నేను బిల్లు కేసి చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి ఫోన్లో అమ్మకి చెబితే, "కప్పకి డాక్టరేమిట్రా, డబ్బులెక్కువయ్యాయా?" అంది. సీసా మీద "రోజుకో చుక్క" అని ఉంది. దాని కింద ఇంకో లైను కూడా ఉంది. మందంటే నోట్లో పోసేదేగా, ఇంకా చదివేదేముందని అక్కడితో ఆపేశాను.

అమ్మాయి బడి నుంచి వచ్చేలోపు పని కానిచ్చి మార్కులు కొట్టేద్దామని నా ఎత్తు. శుభ్రత ముఖ్యం కదా, చేతులకి శానిటైజర్ దట్టంగా పట్టించాను. పొడి తువ్వాలు పరిచి బజ్జిని అందులో చుట్టి, పసిపిల్లకి ఉగ్గు పోసే భంగిమలో కాళ్ళ మీద వేసుకున్నాను. ప్లాస్టిక్ స్పూను అంచుతో మూతి తెరవబోయాను. కప్ప దవడ ఎముకలు ఎంత సన్నవో సూదులు గుచ్చిన రోజుల్లో కళ్ళారా చూసినవాణ్ణే. బజ్జి ముందరి చేతులు రెండూ స్పూనుకి అడ్డం పెట్టింది. వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలు ఆ ప్లాస్టిక్‌కి అంటుకుపోయాయి. నేను లాగితే అదీ వచ్చింది. కళ్ళు రెండూ లోపలికి దిగిపోయాయి, ఒళ్ళు ఆకుపచ్చ నుంచి బురదరంగుకి తిరిగింది. అంతలో నా చొక్కా తడిసి ముద్దయింది. మర్యాద లేని జీవమని తిట్టుకున్నాను. అది మూత్రాశయంలో దాచుకున్న నీళ్ళు. పొడి వేళల్లో కప్ప వాడుకునే నిలవ. భయపడితే ఉన్నదంతా వదిలేస్తుంది. తువ్వాలు విప్పితే బట్ట మీద సన్నటి జిగురు మెరుస్తోంది. దాని ఒంటి మీది కాపుదల పొరని నేను అద్ది తీసేశానన్నమాట.

కప్ప తడి చర్మంతోనూ ఊపిరి తీసుకుంటుంది. నీళ్ళు నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. చేతికున్న ఉప్పు, సబ్బు, శానిటైజర్, లోషన్, ఏదైనా సరే ఆ చర్మంలోంచి లోపలికి పోతుంది. ఇదంతా నాకు తెలియక కాదు. ఇంటర్లో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మరీ రాసిన జవాబే.

"నాన్నా, చేతులకేం రాసుకున్నావ్?" అమ్మాయి గుమ్మంలో ఉంది, బ్యాగు ఇంకా భుజానే.

తప్పు దిద్దుకుందామని బజ్జిని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టబోయాను. మా ఊరి నీళ్ళలో కలిపేది క్లోరమిన్. క్లోరిన్ అయితే బిందెలో పట్టి ఉంచితే కొంత ఎగిరిపోతుంది, ఇది అంత తొందరగా పోయేది కాదు. నీళ్ళలో దాన్ని విరిచే చుక్కలు వేశాకే కప్పకి వాడాలి. అమ్మాయి నన్ను పక్కకి నెట్టి, విరిచి ఉంచిన నీళ్ళ సీసా తెచ్చి బజ్జి మీద మెల్లగా పోసింది. పౌడర్ లేని గ్లౌజులు తొడుక్కుని అవే నీళ్ళతో తడిపింది. పెట్టెలో తడి కాగితం పరిచి, దాని మీద కూచోబెట్టింది. రంగు తేరుకునేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. ఆ తర్వాత డ్రాపరుతో వీపు మీద ఒక్క చుక్క వేసింది. పట్టుకోలేదు, చుట్టలేదు, నోరు తెరవలేదు. సీసా మీద నేను చదవని లైను అదే: "వీపు మీద".

పుండు మానిందో లేదో చూపించడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు నిజంగానే పట్టుకోవాల్సి వచ్చింది. అక్కడి సహాయకురాలు తడి గ్లౌజుతో బజ్జి నడుం దగ్గర, వెనక కాళ్ళకి కాస్త ముందు, వేళ్ళు చుట్టింది. కాళ్ళు వెనక్కి చాపి ఉన్నాయి కాబట్టి తన్ని ఎగరడానికి వీల్లేదు. పొట్ట మీద నొక్కుడు లేదు. డాక్టరమ్మ మూతి చూడటం, దించేయడం చిటికెలో అయిపోయాయి.

"ఇంట్లో మందు వెయ్యడానికి ఏమైనా ఇబ్బంది పడ్డారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, ఏమీ లేదండీ" అన్నాను.

అమ్మాయి శానిటైజర్ దగ్గర మొదలుపెట్టి, స్పూను, తువ్వాలు, కుళాయి, ఏదీ వదలకుండా చెప్పింది. డాక్టరమ్మ మొహంలో ఏ మార్పూ లేకుండా కంప్యూటర్లో చాలాసేపు టైపు చేసింది. తర్వాతి మందు వివరాలున్న కాగితం ప్రింటు తీసి, నా చేతికివ్వకుండా అమ్మాయికిచ్చింది.