కంట్రోల్ రూము వారి సముఖానికి ఆటోనగర్ విన్నపం

మహారాజరాజశ్రీ ఫ్లీటు కంట్రోల్ రూము అధికారి గారి సముఖానికి, విజయవాడ ఆటోనగర్ షెడ్డులో తమరి లారీల బాగోగులు చూసే మెకానిక్ అనేక నమస్కారాలతో వ్రాసుకొన్న విన్నపం.

తమరు హైదరాబాదులో గోడంత తెర ముందు కూర్చుని, నందిగామ దాటిన బండి ఇంజిన్ జాతకం చెప్పగలరు. నేను క్యాబిన్ ఎత్తి చేతులకు గ్రీజు పూసుకుంటే గానీ చెప్పలేను. తమరి విద్య గొప్పదే, కాదనను. కాకపోతే పొగ శుద్ధికి పోసే యూరియా తగ్గినా అదే ఎర్ర మెసేజి, ఆయిల్ ప్రెషర్ పడిపోయినా అదే ఎర్ర మెసేజి. అర్ధరాత్రి అది డ్రైవరుకీ, ఓనరుకీ, నాకూ ఒకేసారి వస్తుంది. ముగ్గురం లేచి ఒకరికొకరు ఫోన్ చేసుకుని ‘ఏంటంట?’ అని అడుగుతాం.

ఏంటో ఆ కోడులోనే ఉంటుంది. పెద్ద బండ్ల కంప్యూటర్లు వాడే జే1939 పద్ధతిలో ప్రతి ఫాల్టుకూ రెండు అంకెలు ముఖ్యం. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ దానికి ఏ తరహా జబ్బో చెబుతుంది. తమరు మొదటిది పంపి రెండోది కత్తిరించేస్తున్నారు. ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. పక్కన 1 ఉంటే ప్రెషర్ ప్రమాదస్థాయికి పడిపోయినట్టు. బండి పక్కకు తీసి అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి; ఊరు దగ్గరే కదా అని లాగిస్తే బేరింగులు పట్టేస్తాయి. అదే 100 పక్కన 4 ఉంటే సెన్సర్ వోల్టేజి పడిపోయినట్టు. వైరు ఎక్కడో బాడీకి షార్టయి ఉండొచ్చు, సెన్సరే పోయి ఉండొచ్చు. డ్రైవరు చేత ఆయిల్ కడ్డీ చూపించి, ఇంజిన్ చప్పుడు ఎలా ఉందో అడిగి, దగ్గరి షెడ్డుకు రమ్మనొచ్చు. తమరేమో వైరు షార్టయిన బండిని సూర్యాపేట దగ్గర తెల్లారేదాకా ఆపించారు, కూలెంట్ సలసల కాగుతున్న బండికి ‘తదుపరి సర్వీసులో చూపించగలరు’ అని పంపారు. కూలెంట్ వేడిని చెప్పే 110 పక్కన సున్నా ఉందండీ అందులో. ఆ సున్నా అంటే ఏమీ లేదని కాదు, అన్నిటికన్నా తీవ్రమైన వేడి అని. హెడ్ గాస్కెట్ బిల్లు తమరి బల్ల మీదకు ఈపాటికి వచ్చే ఉంటుంది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక మాకు ఈ కోడులే పొద్దస్తమానం. ఎక్కువ భాగం సైలెన్సర్ వైపువే. పొగలో నాక్స్ అనే విషవాయువు ఎక్కువైందని కోడు రాగానే ‘నాక్స్ సెన్సర్ మార్చుము’ అని తమరి ఆజ్ఞ. నిజం చెప్పిన సాక్షిని ఉరితీసినట్టు ఉంటుంది. ఆ సెన్సర్ తన పని తాను చేసింది. కారణం డోసింగ్ ఇంజెక్టర్ దగ్గర గడ్డకట్టిన యూరియా కావచ్చు, ఎగ్జాస్టు లీకు కావచ్చు, రోడ్డు పక్క డబ్బాల్లో అమ్మే చవక యూరియా ద్రావణం కావచ్చు. ఆ ద్రావణంలో యూరియా 32.5 శాతం ఉండాలి. నీళ్లు కలిస్తే నాక్స్ తగ్గదు. పట్టించుకోకపోతే బండి కంప్యూటరే ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. అప్పుడు డ్రైవరు ‘బండి లాగట్లేదన్నా’ అంటాడు, తమరు వాడి డ్రైవింగుకు మార్కులు తగ్గిస్తారు. చవక డబ్బా కొనమన్నదెవరో మాత్రం ఏ తెర మీదా రాదు.

ఇంకో మాట. ‘చూశాము’ అన్న బొత్తం నొక్కితే తమరి దగ్గర ఫిర్యాదు మూతపడుతుంది. దయచేసి ఆ బొత్తం నాకివ్వండి. కారణం ఏమిటో, ఏం చేశామో రాసి నేనే మూస్తాను. కోడు ఇప్పుడు ఉన్నదా, వచ్చి పోయినదా, ఎన్నిసార్లు వచ్చిందో కూడా పంపండి. అదంతా బండి ఇస్తూనే ఉంది. వంద మెసేజీల కన్నా ఆ ఒక్క లైను నాకు మేలు.

నిన్న సెన్సర్ మార్చమని పంపిన బండి షెడ్డులోనే ఉంది. సెన్సర్ బాగానే ఉంది. యూరియాను రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే నీళ్లు ఎక్కువున్నాయి. ట్యాంకు కడిగి, కొత్తది పోసి, లోడు మీద తిప్పి చూసేదాకా వదలను. అందాకా తెర మీద అది ఎర్రగానే ఉంటుంది, ఫోన్ చెయ్యకండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఆటోనగర్ మెకానిక్