ఖాళీ రిటర్ను

సాలూరు బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖర్లో వస్తాయి. టూరు పెద్దకి మాత్రం కనుమ మర్నాడే వచ్చేస్తాయి. టూరు పెద్ద అంటే ఫలానా మనిషని కాదు, వీధికొకడు ఉంటాడు. బడి మేస్టారు కావచ్చు, బట్టల కొట్టాయన కావచ్చు, ఏదో ఆఫీసులో గుమస్తా కావచ్చు. ఆనవాలు ఒక్కటే. పెద్దకొడుకు నిరుడు సగం రాసి వదిలేసిన లెక్కల నోటుబుక్కు, అందులో మిగిలిన తెల్లకాగితాలు, పైన ‘శ్రీరామ’, దాని కింద ఎర్రసిరాతో ‘హైదరాబాద్ ప్రోగ్రాం’. మొదటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ, రెండో రోజు వండర్‌లా, మూడో రోజు పొద్దున్న స్నో వరల్డ్. ఆ మూడు ముక్కలకీ అయితే బస్సు టిక్కెట్టు వెనకభాగం చాలు. కానీ ఈయన పుస్తకంలో 5.10కి లేవడం, 5.25కి స్నానాలు మొదలు, 6.40కి మెట్లు దిగడం అని ఉంటుంది. మెట్ల దగ్గర చిన్నక్షరాలతో ‘అమ్మ మోకాళ్లు, 8 ని. అదనం’ అని కూడా ఉంటుంది. చూసినవాళ్లు తలో తీర్పూ ఇస్తారు. పిసినారి అంటారు, చాదస్తం అంటారు, ఫోను చేతికొచ్చాక పట్టిన తెగులు అంటారు. ఈ తీర్పులేవీ నిలవవని నా వాదన. ఈ మనిషి జన్మలో స్టీరింగు పట్టి ఉండడు గానీ, మనసులో లారీ ఓనరు. ఊరే ఆయన్నలా తయారుచేసింది.

ఊరి సంగతి తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. వేగావతి ఒడ్డున, మన్యం కొండల అంచున ఉంటుంది సాలూరు. విజయనగరం నుంచి రాయపూర్ పోయే రహదారి ఈ ఊరు దాటాకే ఘాటెక్కి ఒడిశాలోకి పోతుంది. రైలు సంగతికొస్తే, బొబ్బిలి దగ్గర పెద్దలైను నుంచి చీలిన ఓ కొమ్మ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ కొమ్మ మీద ఏళ్ల తరబడి తిరిగింది ఓ రైలుబస్సు. పట్టాలు ఆగిపోయిన చోట టైర్లు అందుకున్నాయి. లారీల్లో విజయవాడ తర్వాత మనమేనని ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. బాడీ కట్టే షెడ్లు, రంగులేసేవాళ్లు, టైర్ల కొట్లు, బ్రోకర్లు, వీళ్లందరికీ టీ పోసేవాళ్లు, అంతా ఆ చక్రాల మీద బతికినవాళ్లే. ఇలాంటి చోట పుట్టినవాడికి లారీ లేకపోయినా లారీ భాష వస్తుంది. కావాలంటే ఆ నోటుబుక్కుని దగ్గరగా చూడండి. ‘ఎక్కే చోటు’, ‘దిగే చోటు’, వాటి పక్కన మూడో గడి ‘శాల్తీలు’. ఆ గడిలో ‘17’ అని ఉంటుంది. పదకొండు సంచులూ, ఆరుగురు మనుషులూ. విడివిడిగా రాయాలని ఆయనకి తోచలేదు. కొన్ని రైడ్లకి ఇంత ఎత్తుంటేగాని ఎక్కనివ్వరని తెలిసిన నాడే పిల్లల్ని వీధి తలుపుకి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద స్కేలు పెట్టి, గుమ్మానికి సుద్దముక్కతో గీత గీస్తాడు. చిన్నది మునివేళ్ల మీద లేస్తే భుజం నొక్కి దింపుతాడు. లోడు ఎత్తు దగ్గర దొంగలెక్క పనికిరాదు మరి. ఇల్లాలు వంటింట్లోంచి ఇదంతా చూసి, “ఏటండీ, మనం సరదాకెల్తన్నామా, సరుకు దింపడానికెల్తన్నామా?” అంటుంది. వందేళ్లు పరిశోధన చేసినా ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఇక పిసినారితనం మాట. లారీ లెక్కలో లోడుతో వెళ్లడం గొప్ప కాదు, ఖాళీగా తిరిగి రావడం పాపం. ఖాళీ బండికీ టోలు కట్టాలి, డ్రైవరుకి బత్తా ఇవ్వాలి, డీజిలు కాస్త తక్కువ తాగుతుందేమో గానీ మానదు. అందుకే రాయపూర్‌లో సరుకు దింపినవాడు తిరుగు లోడు దొరికేదాకా అక్కడే దుప్పటి పరుస్తాడు. టూరు పెద్దకి నిద్రపట్టనివ్వని ప్రశ్న కూడా ఇదే. ఏడొందల కిలోమీటర్ల దాకా వెళ్లి, నీళ్లలో జారి, కేకలు పెట్టి, ఊరికే తిరిగి వచ్చేస్తే ఎలా? దాంతో ప్రోగ్రాంలోకి తిరుగు లోడు ఎక్కడం మొదలవుతుంది. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి యాదగిరిగుట్ట. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి అమ్మ మోకాళ్లకి పెద్ద డాక్టరు. మరదలికి ఓ సంబంధం, పెద్దాడికి కోచింగు వాకబు, నాలుగేళ్ల కిందట పిన్ని ఇంట్లో ఉండిపోయిన స్టీలు కేను. మూడు రోజులు ఆరవుతాయి, ఖర్చు రెట్టింపవుతుంది. పిసినారి అయితే పిల్లల్ని విశాఖ తీసుకెళ్లి, కైలాసగిరి రోప్‌వే ఎక్కించి, బీచిలో తలో మొక్కజొన్న పొత్తు చేతికిచ్చి రాత్రికి ఇల్లు చేర్చేవాడు. పోనీ దూరం తగ్గించుకోవచ్చు కదా అంటారా? 2024లో భువనేశ్వర్ దగ్గరా వండర్‌లా తెరిచారు, సాలూరుకి హైదరాబాద్‌తో పోలిస్తే అది దగ్గర. ఆ మాట ఎవరైనా ఎత్తితే టూరు పెద్ద జాలిగా చూస్తాడు. అక్కడ మనకెవరున్నారు? కూకట్‌పల్లిలో పిన్ని ఉంది. బంధువుల్లేని ఊరు ఆయన లెక్కలో బుకింగ్ ఆఫీసు లేని ఊరు. పోగా లోడు దొరుకుతుంది, రాగా ఎవరిస్తారు?

ఫోను తెగులన్నవాళ్లకి ఒక్క పేరు చెబుతాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి బంధువులతో, పరివారంతో కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. మజిలీకీ మజిలీకీ దూరమెంత, ఎక్కడ ఏ సామాన్లు దొరుకుతాయి, దారి ఎలాంటిది అన్నీ రాసిపెట్టాడు. 1838లో అది అచ్చయింది కూడా. ఆయన చేతిలో యాప్ ఏమీ లేదు. ఫోను వల్ల ఈ జాతి పుట్టలేదు, ఉన్నవాళ్లు పొద్దున్న ఎనిమిదింటికి బుకింగ్ తెరుచుకునే వేళ గుండె పట్టుకుని కూర్చోవడం నేర్చారు, అంతే. నిజానికి వీళ్లకి దెబ్బ తగిలింది 2024 నవంబరు 1న. ముందస్తు రిజర్వేషను గడువుని రైల్వే 120 రోజుల నుంచి 60కి తగ్గించింది. మే నెల ప్రయాణానికి జనవరిలో బెర్తులు పట్టేసేవాడు మార్చిదాకా చేతులు నలుపుకుంటూ ఉండాలి. మామూలువాళ్లు ఈ వార్త చదివి పేజీ తిప్పేశారు. టూరు పెద్ద మాత్రం తన కిరాయి ఎవరో తన్నుకుపోయినట్టు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. ముసలి తల్లినీ చిన్నపిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవాడు ముందు చూసుకోక ఏం చేస్తాడు? నిజమే. అయిదేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి అరటిక్కెట్టు తీస్తే బెర్తు ఇవ్వరు, 2016 నుంచీ అంతే. ఆ సంగతి తెలియక బండెక్కినవాడు తెల్లార్లూ కూతుర్ని పొట్టమీద పడుకోబెట్టుకోవాలి. కాబట్టి చూసుకోవాల్సిందే. కాకపోతే ఆ చూసుకునే పని సగం ఇల్లాలు ఎప్పుడో చేసేసి ఉంటుంది. ఆమెకి నోటుబుక్కు లేదు. పిన్నీసులు, తడిబట్టలకి ప్లాస్టిక్ కవర్లు, రైల్లో తినడానికి పులిహోర, వాంతులొస్తే ఉప్పుతో ఊరవేసిన ఉసిరికాయ. ప్రయాణంలో నూటికి నూరుపాళ్లు వాడుకలోకొచ్చేది ఆమె ప్రోగ్రామే. ఆయనది సాధారణంగా తుని దాటకముందే గంట ఆలస్యమవుతుంది.

సరదాని గడియారంతో కొలవకూడదు అనేవాళ్లూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ, థీమ్ పార్కు దగ్గర ఆ మాట చెల్లదు. అక్కడ అమ్మేదే కొలిచిన సరదా. బారులో ముప్పావుగంట నిలబెట్టి, పదుల మందిని ఒక్కసారిగా ఎక్కించి, రెండు మూడు నిమిషాలు తిప్పి, దింపి, మళ్లీ ఎక్కించడం. లోడింగు, అన్‌లోడింగు. ఎక్కువ డబ్బు కడితే బారు దాటి ముందుకు పోయే టిక్కెట్టూ అమ్ముతారు. ఈ విద్యకి ఆదిగురువు వాల్ట్ డిస్నీ కూడా 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన రోజు దెబ్బతిన్నాడు. దొంగ ఆహ్వానాలతో జనం విరగబడ్డారు, ఎండకి తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి, తాగే నీటి కొళాయిలు చాలామటుకు రాలేదు. ఆయన తుని దాకా కూడా రాలేకపోయాడన్నమాట. తర్వాత వాళ్లు చేసింది ప్రోగ్రాం మానేయడం కాదు, ఇంకా గట్టిగా వేయడం. అంచేత పార్కు కట్టినవాడూ, సాలూరు టూరు పెద్దా ఒకే గురుకులం. చిక్కల్లా ఒకటే. గేటు దాటాక బండి ఆయనది కాదు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పేవాడు వేరే ఉన్నాడు. కనుమ నుంచీ అందర్నీ శాల్తీలుగా లెక్కపెట్టినవాడు అక్కడ తనే శాల్తీ అయిపోతాడు.

రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో రీకాయిల్ అనే రోలర్ కోస్టరు ఉంది. పిల్లల బలవంతం మీద టూరు పెద్ద దాన్ని ఎక్కుతాడు. నోటుబుక్కు కింద ఇల్లాలి చేతిలో ఉంటుంది, ఆమె దాంతో విసురుకుంటూ ఉంటుంది. భుజాల మీదికి బరువైన కడ్డీ దిగుతుంది. యూనిఫాం వేసుకున్న కుర్రాడొకడు వరసగా వచ్చి, పట్టా మీద తాడు బిగిసిందో లేదో క్లీనరు చూసినట్టు, ఒక్కో కడ్డీనీ గుంజి చూసి పోతాడు. బండి పైకి లేస్తుంది, వదులుతుంది, మెలికలు తిరుగుతుంది, ఎదుటి గుట్ట ఎక్కి ఆగుతుంది. అయిపోయిందనుకునేలోగా అందర్నీ మోసుకుంటూ అదే దారిన వెనక్కి బయల్దేరుతుంది. దిగాక టూరు పెద్ద కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడతాడు. జుట్టు రేగిపోయి, కళ్లు తేలేసి ఉంటాయి. కాస్త తేరుకుని కొడుకు భుజం మీద చెయ్యేసి అంటాడు: “సూసేవేట్రా, రిటర్నులోనూ ఫుల్ లోడే.”