నూకల అన్నం

సెనెగల్‌లో నేను చేసిన మొదటి దానం ఒక సంచీ బియ్యం. ఆ తప్పు గురించి ఇవాళైనా చెప్పుకోవాలి.

తెనాలిలో అమ్మమ్మ దగ్గర పెరిగి, అమెరికా వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్నదాన్ని. అక్కడి ప్రభుత్వ సేవా సంస్థ పీస్ కోర్ వాలంటీరుగా వ్యవసాయ పనికి సెనెగల్ చేరాను. డాకర్‌కు తూర్పున సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న థియెస్‌లో శిక్షణ కేంద్రం. ఎక్కువ రోజులు మాత్రం దగ్గర్లోని ఒక పల్లెలో, వొలోఫ్ మాట్లాడే కుటుంబంతో గడిపాను. చేరిన రోజే వాళ్లు తమ ఇంటిపేరు నాకు ఇచ్చారు. ఇల్లాలిని పిల్లలతో పాటు నేనూ ‘యాయ్’ అన్నాను. అంటే అమ్మ. పొద్దున భాషా పాఠం, ఆపైన కూరగాయల మడిలో పని. దారిలో ఎవరు ఎదురైనా ఇంటిల్లిపాది క్షేమమూ అడగాలి. ‘జామ్ రెక్’, అంతా శాంతే, అని వాళ్లు చెప్పాకే కదలాలి.

మధ్యాహ్నం పెద్ద బేసిన్ చుట్టూ అందరం కూర్చునేవాళ్లం. చెబు జెన్. అన్నం, చేప అని ఆ పేరుకు అర్థం. కుడిచేత్తో, ఎవరి ముందున్నది వాళ్లే తినాలి. చేపా, క్యాబేజీ, కర్రపెండలం నడిమధ్యలో ఉంటాయి. యాయ్ వాటిని విరిచి ఒక్కొక్కరి ముందుకూ తోసేది. నా కళ్లు మాత్రం అన్నం మీదే ఉండేవి. అన్నీ నూకలు.

మా అమ్మమ్మ బియ్యం చేటలో చెరిగి నూకలు వేరు చేసేది. అవి ఉప్మాకో, కోళ్లకో. చుట్టానికి నూకలన్నం పెట్టడమంటే ఇంటి పరువు పోయినట్టే. ఆ చేటతోనే నేను యాయ్ ఇంటినీ చెరిగాను. పాపం, మంచి బియ్యం కొనే స్తోమత లేదనుకున్నాను.

మూడోవారం థియెస్ వెళ్లినప్పుడు పొడుగు గింజల బియ్యం ఒక సంచీ కొని తెచ్చాను. యాయ్ రెండు చేతులా అందుకుని ‘జెరెజెఫ్’ అంది, కృతజ్ఞతగా. మర్నాడు అదే వండింది. ఆ బియ్యం చేపల రసాన్ని పీల్చుకోలేదు. ముద్ద కట్టబోతే పిల్లల వేళ్ల సందుల్లోంచి మెతుకులు రాలిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దపిల్ల ‘సూర్ నా’, కడుపు నిండింది, అని ముందే లేచింది. నేను ఆ మాట నమ్మేశాను.

మర్నాడు భాష నేర్పే టీచరుగారు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో అక్కడి పొలాలు వేరుశనగకు పోయాయి. తినడానికి వాళ్ల ఇండోచైనా నుంచి చవకైన నూకలు దిగాయి. లేమితో వచ్చిన ఆ గింజను సెనెగల్ ఆడవాళ్లు తమ చేతి నేర్పుతో రుచిగా మార్చుకున్నారు. ముందు ఆవిరి పట్టి, తర్వాత చేపలు ఉడికిన రసంలో వండితే ఒక్కో నూకా రసాన్ని తాగుతుంది. అంగడిలో నూకలే కావాలని అడిగి కొంటారు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది ఈ చెబు జెన్ వంటకమే.

తెలియకపోవడం తప్పు కాదని ఆయన ఓదార్చారు. నాకు ఓదార్పు దొరకలేదు. ఆ మధ్యాహ్నం మొదటిసారి యాయ్ ముందున్న అన్నం చూశాను. అందులో చేపముక్క లేదు. ఆమె వాటా కూడా మూడువారాలుగా నా ముందుకే వస్తోంది. నూకల్లో పేదరికం వెతుక్కున్న కళ్లకు అది కనబడలేదు. ఇస్తున్నది నేననుకున్న రోజుల్లో ఇస్తున్నది ఆమె.

సాయంత్రం వెళ్లి ‘బాల్ మ’ అన్నాను. క్షమించమని. ఇంకేం చెప్పాలన్నా నాకు అప్పటికి భాష రాదు. ఆమె నూకల పళ్లెం మా ఇద్దరి మధ్యకూ జరిపింది. చీకటి పడేదాకా రాళ్లు ఏరుతూ కూర్చున్నాం.

ఏరుతుంటే మన మాట ఒకటి గుర్తొచ్చింది. మనిషి పోతే, ఈ భూమ్మీద నూకలు చెల్లాయంటాం. ఆయుష్షును కొలవడానికి మన పెద్దలు బియ్యాన్ని కాదు, నూకలనే ఎంచుకున్నారు. ఆ భాషలో పుట్టి కూడా నేను నూకలను చిన్నచూపు చూశాను.

మర్నాడు నా ముందుకు వచ్చిన చేపముక్కను విరిచి సగం యాయ్ వైపు తోశాను. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, కాదనకుండా తింది.