రెస్టు శబ్దానికి వడమాలపేట టీక

మూలం:
నాయన రెస్టులో ఉండాడు తాతా, మల్లా రాండి.

అవతారిక. మా బోరు మోటారు కాలిపోతే వడమాలపేటలో వైండింగుకు ఇచ్చాను. రెండు రోజుల్లో అయిపోతుందన్నారు. మూడో రోజు బస్సు దిగి వాళ్లింటికి పోతే ఎనిమిదేళ్ల పాప వాకిట్లోకొచ్చి పై వాక్యం చెప్పింది. వారం తరవాత పోతే అదే వాక్యం. ఇంకో వారానికీ అక్షరం మారలేదు. మూడుసార్లు పాఠభేదం లేకుండా వినబడింది కాబట్టి ఇది సూత్రం. మడికి నీళ్లు లేవు, చేతికి పని లేదు కాబట్టి టీకకు పూనుకున్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే ఈ టీకే ఉండదు.

ప్రతిపదార్థం. నాయన = తండ్రి; రెస్టులో = (కింద చూడండి); ఉండాడు = ఉన్నాడు (ఇక్కడ కొందరు బడిపంతుళ్లు ఎర్రసిరా తీస్తారు, తీసుకోనీండి); తాతా = ఓ ముసలివాడా (టీకాకారుడికి యాభై ఎనిమిదే; ఈ పదానికి వ్యాఖ్యానం లేదు); మల్లా = ఈ పొద్దు సాయంత్రం మొదలు వచ్చే సంక్రాంతి దాకా ఎప్పుడైనా; రాండి = పొండి.

వ్యాకరణం. హల్లుతో ఆగిపోయే ఇంగ్లీషు మాటకు మనం ఉకారం తగిలించి ఇంట్లోకి రానిస్తాం. బస్సు అట్లా వచ్చిందే, రెస్టూ అట్లా వచ్చిందే. ఇక 'లో'. చిన్నయసూరి దీన్ని షష్ఠీ విభక్తిలో చేర్చాడు. పదిమందిలో ఒకణ్ణి వేరుచేసి చూపేటప్పుడు వచ్చేది నిర్ధారణ షష్ఠి. దాని ప్రకారం 'రెస్టు తీసుకునే వాళ్లందరిలో నాయన శ్రేష్ఠుడు' అని అన్వయం. మూడుసార్ల ప్రత్యక్ష ప్రమాణం దీనికి బలం.

వ్యుత్పత్తి. ఇంగ్లీషులో ఈ మాట ఒకటి కాదు, రెండు. 'మిగిలినది' అనే రెస్టు లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దానితో మనకు పనిలేదు, కాకపోతే దాని చుట్టం ఒకటి ఉంది: అరెస్టు. రెస్టు లేకపోవడం అరెస్టు, నఞ్ తత్పురుష, అని విగ్రహవాక్యం చెప్పబోయే శిష్యుడికి హెచ్చరిక: అది తప్పు. లాటిన్‌లో అది ఆపి నిలబెట్టడం. స్టేషను చూసొచ్చినవాళ్లు మాత్రం తప్పు వ్యుత్పత్తే సరిపోయిందంటారు. రెస్టారెంటు వేరే మాట నుంచి వచ్చింది.

మన రెస్టు జర్మానిక్ భాషలది, దీని పుట్టుక చిత్రమైనది. పాత గోతిక్ భాషలో దీని తోబుట్టువు 'రస్త' అంటే మైలు. ఇంత దూరం నడిస్తే ఒకచోట ఆగాలి, ఆ దూరానికీ ఆగడానికీ ఒకే మాట. మనకు ఇది వింతేమీ కాదు. అరబ్బీ 'మంజిల్' నుంచి వచ్చిన మన మజిలీ కూడా అట్లాంటిదే: ఆగే చోటూ మజిలీయే, ఒక పూట నడకా మజిలీయే. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీకి పోయేవాళ్ల చేత మజిలీకో కథ చెప్పించాడంటే నడిచినందుకే కదా! సంస్కృతం వాళ్ల విశ్రాంతిలోనూ 'శ్రమ' దాక్కునే ఉంది. ముందు అలసట, తరవాతే విశ్రాంతి.

ఈ అర్థానికి వడమాలపేట కంటే మంచి ఉదాహరణ దొరకదు. నారాయణవనంలో పెళ్లి చేసుకుని పద్మావతమ్మను వెంటబెట్టుకుని కొండకు పోతూ శ్రీనివాసుడు ఆగాడని చెప్పే అప్పలాయగుంట ఈ మండలంలోదే. అక్కడ ప్రసన్న వేంకటేశ్వరుడు అభయహస్తంతో ఉంటాడు. ఆగాడు సరే, కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. తిరుమలలోనూ అంతే. రాత్రి ఏకాంతసేవలో మూలవిరాట్టు నిలబడే ఉంటే, ఆయన బదులు పానుపు మీద పవళించేది భోగ శ్రీనివాసమూర్తి. ధనుర్మాసంలో ఆ వంతు శ్రీకృష్ణుడిది. మనిషిని పెట్టి రెస్టు తీసుకోవడం దేవుడికే చెల్లింది. మా మోటారాయన మాత్రం స్వయంగానే తీసుకుంటాడు.

పూర్వపక్షం: రెస్టంటే పనిలేకపోవడమే కదా? కాదు. ఉద్యోగం దొరకని కుర్రాణ్ణి రెస్టులో ఉండాడని ఎవరూ అనరు, ఖాళీగా ఉండాడంటారు. రచ్చబండ మీద కూర్చున్నవాడు ఊరికే ఉండాడు. ఇదే రోడ్డు మీద మద్రాసు వైపు ఇంకొంచెం పోతే ఆ ఊరికే కాస్తా తమిళ 'సుమ్మా' అవుతుంది. ఈ మూడింటికీ లేని పరువు రెస్టుకుంది: ఏదో చేసి అలిసిపోయాడన్న సాక్ష్యం అందులోనే ఉంది. అందుకే సాక్ష్యం లేనివాళ్లంతా ఆ మాటనే వాడుకుంటారు. ఫామ్‌లో లేని బ్యాటర్‌కు సెలెక్టర్లు ఇచ్చేది కూడా రెస్టే.

మీమాంసకుల లెక్కన కర్మలాగే రెస్టూ మూడు రకాలు. రాత్రి నిద్ర నిత్యం. చెయ్యి విరిగి పక్కన పుత్తూరుకు పోయి వెదురు బద్దలతో కట్టు కట్టించుకొస్తే నైమిత్తికం. నాయనది కామ్యం.

సమాసాల్లో ఈ మాట ఎదురు తిరుగుతుంది. టోల్‌గేటు దగ్గర రెస్ట్‌రూమ్ అని రాసిన గదిలో రెస్టు తీసుకున్నవాణ్ణి నేను చూడలేదు, వరసలో వెనక నిలబడినవాడు తీసుకోనివ్వడు. రైల్వేలో లోకో పైలట్లు నిజంగా పడుకునే గదిని రన్నింగ్ రూమ్ అంటారు. తెల్లవాడు ఏం తాగి పేర్లు పెట్టాడో!

శాస్త్ర ప్రమాణం కూడా చెప్పాలి. 1948లోనే రెండు వచ్చాయి: ఐదు గంటల పని దాటకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలన్న అప్పటి మన ఫ్యాక్టరీల చట్టం, విశ్రాంతి ప్రతి మనిషి హక్కని 24వ అధికరణంలో చెప్పిన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన. రెండింటిలోనూ ఇంట్లో పనిచేసేవాళ్లకు గంట కొట్టేది ఎవరన్న ప్రస్తావన లేదు. ఈ మాట ఇక్కడ ఎందుకొచ్చిందంటే, టీక ముగిసిందనుకున్నాక మూలంలో ఒక లోపం బయటపడింది.

అధ్యాహారం. వాక్యంలో లేని పదాన్ని తెచ్చి పూరించుకోవడం. నాలుగోసారి పోయినప్పుడు పాప వాకిట్లో లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో చప్పుడైతే అటు పోయాను. పాప తల్లి కింద కూర్చుని, నా మోటారును ముందేసుకుని, చివరి కాయిలు చుడుతోంది. కొంగుకు వార్నీషు మరక. పక్కన ఇంకో మూడు మోటార్లు. "ఒక్క అరగంట కూచోండన్నా, ఇచ్చేస్తా" అంది. (అన్నా = ఓ అన్నా. ఈ పదానికి వ్యాఖ్యానం రాయవచ్చు, స్థలం లేదు.)

కాబట్టి సూత్రాన్ని ఇట్లా చదువుకోవాలి: 'నాయన రెస్టులో ఉండాడు తాతా, అమ్మ పనిలో ఉంది, మల్లా రాండి.' అరగంటలో మోటారు ఇచ్చింది. బిల్లు మీద సంతకం నాయనది.