పగిలిన డోర్ అద్దానికి ప్లాస్టిక్ కవరా?

ఆదివారం సాయంత్రం మైపాడు రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సముద్రానికి పోయే కార్లలో ఏదో ఒకదానికి డోర్ అద్దం ఉండాల్సిన చోట ప్లాస్టిక్ కవరు, దాని చుట్టూ గోధుమరంగు టేపు కనబడతాయి. లక్షలు పోసి కొన్న బండి. లోపల పసిపిల్లలు. గాలికి కవరు టపటపా కొట్టుకుంటుంటే, ఆ చప్పుడు వినబడకుండా పాటలు పెద్దగా పెట్టుకుని పోతుంటారు. చూస్తే నాకు కడుపు మండిపోద్ది. "ఏందయ్యా ఇది" అని అడిగితే, "మారుద్దాంలే పెద్దాయనా, ఒక్క అద్దమేగదా" అంటారు.

ఒక్క అద్దమే. కానీ ఎడమ పక్క మిర్రర్‌ను డ్రైవరు చూసేది ఆ అద్దంలోంచే. దానికి కవరు కట్టినోడు ఒక కన్ను మూసుకుని బండి తోలుతున్నట్టే. ముత్తుకూరు రోడ్డులో, కృష్ణపట్నం పోర్టుకు పోయే టిప్పర్ల మధ్యన, అట్టా తోలడానికి వాళ్లకు ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు.

మా రోజుల్లో అంబాసిడర్ తోలినోడు పొద్దున బండి తియ్యబోయే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తడిగుడ్డతో అద్దాలు తుడిచేటప్పుడే ఏ అంచు లేచిందో, ఏ బీడింగు ఎండి గట్టిపడిందో చేతికి తెలిసేది. అద్దం దించే హ్యాండిల్ తిప్పితే బరువులో తేడా మణికట్టుకు తగిలేది. నిన్న సాఫీగా దిగిన అద్దం ఇవాళ సగంలో పట్టేసిందంటే, లోపల ఇసకో, వదులైన క్లిప్పో ఉన్నట్టే. సాయంత్రం బాడుగ అయిపోగానే డోర్ ప్యాడ్ విప్పి చూసేవాళ్లం. ఇప్పుడు బటన్ నొక్కుతారు. అద్దం ఎంత కష్టంగా కదులుతుందో మోటారుకు తెలుస్తుంది గానీ నొక్కిన మనిషికి తెలియదు. అది మూలిగి మూలిగి కాలిపోయిందాకా ఎవరికీ పట్టదు.

అద్దం నాణ్యత మాటకొస్తే మాత్రం ఇప్పటిదే మేలు. ఇది ఒప్పుకోకపోతే అబద్ధమే. అంబాసిడర్ డోర్ అద్దం వంపు లేకుండా బల్లపరుపుగా ఉండేది. పగిలితే అట్ట మీద కొలత గీసుకుని అద్దాల అంగడికి పోతే, కిటికీలకు కోసే మామూలు అద్దమే కోసి ఇచ్చేవాళ్లు. సాయంత్రానికల్లా బండి రోడ్డెక్కేది. మంచి సౌకర్యమే. కానీ గుద్దుకున్నప్పుడు అదే అద్దం పొడుగాటి పెంకులుగా విరిగి మొహాల్లో, మెడల్లో దిగేది. అట్టాంటి గాయాలు కళ్లతో చూసినోణ్ని గనక ఆ అద్దం మళ్లీ రావాలని నేను కోరుకోను. నా బాధంతా ఒకటే. అద్దం బాగుపడింది. దాన్ని గమనించే అలవాటు పోయింది.

ఈ అద్దం మన తీరానికి పరాయిదేమీ కాదు. గూడూరు దాటాక చిల్లకూరు, కోట మండలాల్లో సముద్రం వైపు పోతే కళ్లు చెదిరేంత తెల్లటి ఇసక ఉంటుంది. అది సిలికా. లారీలకెత్తి గాజు ఫ్యాక్టరీలకు తోలుకుపోతారు. అట్టాంటి ఇసకలో సోడా యాష్, సున్నపురాయి కలిపి 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తే గాజు తయారవుతుంది. ఆ గాజు పలకను డోర్ ఆకారానికి కోసి, అంచులు నూరి, మళ్లీ 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, దాని మీద ఒక్కసారిగా చల్లగాలి కొడతారు. పైపొర ముందు బిగుసుకుంటుంది. లోపలి భాగం తర్వాత నిదానంగా చల్లారుతూ ఆ పైపొరను తనవైపు లాగి పట్టుకుంటుంది. ఆ బిగువే దాని బలం. టఫెన్డ్ గ్లాస్ అనేది దాన్నే. మామూలు దెబ్బలకు చలించదు. బిగువు ఒక్కచోట తెగిందా, అద్దమంతా ఒకేసారి పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. పొడుగాటి పెంకు ఒక్కటి కూడా ఉండదు. ఎంత మంది ప్రాణాలు కాపాడిందో ఆ పద్ధతి.

ఇది తెలిస్తే, అద్దం ఎప్పుడు మార్చాలన్నది సగం తెలిసినట్టే.

ముందు అద్దం వేరు, పక్క అద్దం వేరు. ముందుది రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. ఫ్రాన్సులో బెనెడిక్టస్ అనే ఆయన 1909లో దానికి పేటెంటు తీసుకున్నాడు. దాని మీద రాయి తగిలి చిన్న చుక్కంత దెబ్బ పడితే, డ్రైవరు చూపుకు అడ్డం కాని చోటయితే, జిగురు పోసి గట్టిపరచవచ్చు. డోర్ అద్దానికి ఆ వైద్యం లేదు. టఫెన్డ్ అద్దానికి లోతుగా దెబ్బ తగిలితే మార్చడమే. జిగురు పోస్తామన్నోణ్ని నమ్మొద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టఫెన్డ్ అద్దంలో పగులు నిలవదు. వస్తే మొత్తం రాలాల్సిందే. కొన్ని ఖరీదైన కార్లకు డోర్లలో కూడా పొర ఉన్న అద్దం వేస్తున్నారు, వాటిని పక్కన పెట్టండి. మిగతా ఏ కారుకైనా డోర్ అద్దంలో జానెడు పొడుగు పగులు కనబడి, అది అట్టానే నిలబడి ఉందంటే, మీకంటే ముందు ఆ బండి తోలినోడు ఎక్కడో మామూలు అద్దం కోయించి బిగించాడని అర్థం. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. అట్టాంటి అద్దాన్ని ఆ రోజే తీయించాలి. టఫెన్డ్ చేసిన తర్వాత అద్దాన్ని కోయడం, బెజ్జం వేయడం ఎవరివల్లా కాదు. కోత పెట్టిన మరుక్షణం రాలిపోతుంది. కాబట్టి "కొలతకు కోసి బిగిస్తాం" అనే అంగడి మనకు అమ్మేది మామూలు గాజే.

కొత్త అద్దం కొనేటప్పుడు దాని కింది మూల చూడండి. ఐఎస్ 2553 అని, ఐఎస్ఐ ముద్ర, కంపెనీ గుర్తు చెక్కినట్టు ఉంటాయి. రోడ్డు మీద తిరిగే బండ్ల అద్దాలకు మన దేశంలో ఉన్న ప్రమాణం అది. మిగతా మూడు డోర్ల ముద్రలతో పోల్చి చూసుకుంటే పాత బండికి ఏ అద్దం ఎప్పుడో మార్చారో కూడా బయటపడుతుంది. నంబరు ప్లేటు ఫ్యాన్సీగా ఉండాలని వేలు పోసేవాళ్లు ఈ ముద్ర చూడటానికి వంగరు. అదే నాకు నచ్చనిది.

అంచులు మరీ ముఖ్యం. టఫెన్డ్ అద్దం మధ్యలో కంటే అంచుల్లో బలహీనం. అద్దాన్ని సగం దించి పై అంచు మీద గోరు పోనివ్వండి. గోరు తట్టుకునేంత గాటు ఉంటే దాన్ని చిన్నదనుకోవద్దు. రోహిణీ కార్తెలో నెల్లూరు ఎండకు మూసిపెట్టిన కారు లోపల ఎంత కాగిపోతుందో మనకు తెలుసు. ఆ వేడి మీద ఏసీ వేసి, డోరు దబ్బున మూస్తే, గాటు ఉన్న అద్దం ఎవరూ రాయి వెయ్యకుండానే రాలిపోవచ్చు. "ఊరికే పగిలింది, ఎవరో దిష్టి పెట్టారు" అంటుంటారు గానీ, దానికి కారణం అంచులోనే ఉంటుంది.

తీరం వాళ్లకు ఇంకో బెడద ఇసక. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం పోయి వచ్చిన బండి అద్దాల పక్క గాడుల్లో, నడుం దగ్గరుండే రబ్బరులో సన్నటి ఇసక చేరుతుంది. అద్దం ఎక్కి దిగే ప్రతిసారీ అది గీస్తుంది. నిలువు గీతలు పగలు కనబడవు. రాత్రిపూట పదహారో నంబరు హైవే మీద పక్కనుంచి, వెనకనుంచి లైట్లు పడినప్పుడు ఆ గీతలన్నీ వెలిగి మిర్రర్ మసకబారుతుంది. గోరుకు తగలని సన్న గీతలైతే పాలిష్‌తో కొంత పోతాయి. గోరు దిగేవైతే, అందులోనూ మిర్రర్ కనబడే చోటైతే, మార్చాల్సిందే. ముందు రబ్బరు మార్చి ఆ తర్వాత అద్దం వేయించాలి. పాత రబ్బరులో కొత్త అద్దం పెడితే నెల తిరగకుండా మళ్లీ గీతలే. మా రోజుల్లో బీచికి పోయొచ్చాక అద్దం దించి, గాడిలో బ్రష్ ఆడించి, నీళ్లు కొట్టేవాళ్లం. ఇప్పుడు పైన నురగ కొట్టి తుడిస్తే కడిగినట్టే అనుకుంటున్నారు.

అద్దం మార్చక్కర్లేని రోజులు కూడా ఉంటాయి. అద్దం ఉన్నట్టుండి డోరులోకి జారిపోయిందంటే అది పగిలిందని కాదు. లోపల దాన్ని పట్టుకుని ఎత్తే సరంజామాలో క్లిప్పో తీగో తెగి ఉంటుంది. గాజు చెక్కుచెదరకుండా అడుగున కూర్చుని ఉంటుంది. దానికి మొత్తం సెట్టు మార్చాలని బిల్లు రాసేవాళ్లు ఉన్నారు. మా కాలం మెకానిక్కు డోరు విప్పి, విరిగిన ముక్క మన చేతిలో పెట్టి చూపించేవాడు. ఇప్పుడు కూడా అడగండి, చూపించమనండి. ఆటోనగర్‌లో మంచి పనోళ్లు లేకపోలేదు.

నల్ల ఫిల్ములంటే నాకు అసలు గిట్టదు. డోర్ అద్దంలోంచి కనీసం 50 శాతం, ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం వెలుతురు పోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన చెబుతుంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పి ఫిల్ములు తీయించమంది. నా అభ్యంతరం చట్టం ఒక్కటే కాదు. ముదురు ఫిల్ము అంచు గాటును దాచేస్తుంది. అద్దం మొత్తం నుజ్జయినా ఆ ముక్కల్ని పట్టి నిలబెడుతుంది. "నిలబడే ఉందిగదా" అని వారాల తరబడి దాంతోనే తిరుగుతారు. నుజ్జయిన అద్దంలోంచి ఏం కనబడుతుంది?

మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరును ముంచెత్తింది. మా బంధువుల కుర్రాడి కారు అప్పటికి కవరు కట్టుకుని ఉంది. వాన వెలిశాక చూస్తే సీటు కింద నీళ్లు, డోరులో స్విచ్చులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. అద్దానికి అయ్యే డబ్బు కంటే వైరింగుకే ఎక్కువయింది. వాన పడకపోయినా సముద్రపు గాలి ఊరుకోదు. అల్లూరు, ఇసకపల్లి ఉప్పు కొఠార్ల వైపు ఇనప గేట్లు ఎట్టా తినేసి ఉంటాయో చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెరిచి ఉన్న డోరులోకి ఆ ఉప్పుగాలి పోతే మోటారు, స్పీకరు, తీగలు అన్నీ పాడవుతాయి.

బకింగ్‌హాం కాలువ, రొయ్యల గుంటలు, పంట కాలువలు, వీటి గట్ల మీద తిరిగే ఊళ్లు మనవి. బండి నీళ్లలో పడితే బయటి నీటి ఒత్తిడికి డోరు తెరుచుకోదు. వెంటనే అద్దం దించాలి. దిగకపోతే పగలగొట్టుకుని బయటపడాలి. టఫెన్డ్ అద్దాన్ని మధ్యలో కాకుండా మూలన, మొనదేలిన ఇనప ముక్కతో కొడితే రాలిపోతుంది. పొర ఉన్న అద్దం అట్టా రాలదు. అందుకే మీ డోరుకు ఉన్నది ఏ రకమో ముందే తెలుసుకుని, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచాలి. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదవుతుంది. అవనీయండి.

డబ్బుకు వెనకాడేవాళ్లకు ఒక్క మాట. థర్డ్ పార్టీ పాలసీకి అద్దం రాదు. సొంత నష్టానికి కూడా కట్టి ఉంటే గాజు భాగాల మీద తరుగుదల కొయ్యరు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది 1000 రూపాయలు, అది దాటితే 2000. క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనసు పోతుంది కాబట్టి అద్దం ధర, బోనసు రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకోండి. ఆ లెక్కకు ఒక పూట చాలు. నెలలు పట్టదు.

అద్దం బిగించేటప్పుడు దగ్గరే ఉండండి. పాత పలుకులన్నీ డోరు అడుగున చేరి, నీళ్లు పోయే బెజ్జాల్ని పూడుస్తాయి. వ్యాక్యూమ్ పెట్టి తీయమని చెప్పండి. ప్యాడ్ మూసేముందు అద్దాన్ని నాలుగుసార్లు ఎత్తి దించమనండి, అడ్డంగా ఊగుతుందేమో చెయ్యి పెట్టి చూడండి. తర్వాత ఒక చెంబెడు నీళ్లు బయటి రబ్బరు మీద పోయండి. అవి డోరు కింది బెజ్జాల్లోంచి ధారగా నేల మీదికి వచ్చిన తర్వాతే డబ్బులు తీసి ఇవ్వండి.